అలారం గేటు మూడేళ్లు వాడాక: పనితనం సరే, ఆ కూతే నాకు పడటం లేదు

మాది నల్లగొండ ప్రకాశం బజార్ దగ్గర బట్టల షాపు. 2022 దసరాకు ముందు తలుపు దగ్గర అలారం గేటు పెట్టించాం. ట్యాగు తీయకుండా బట్ట బయటికి పోతే కూస్తుందే, అది. ఎట్లా పనిచేస్తుంది, ధర ఎంత అనేవి అమ్మేవాళ్లే అరగంట చెప్తారు కాబట్టి నేను చెప్పను. వాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. దొంగ ఎవరో, బిల్లు కట్టినా మేం ట్యాగు తీయడం మరిచిన గిరాకీ ఎవరో ఆ గేటుకు తెలియదు. ఇద్దరికీ ఒకటే కూత. నా కోపమంతా దాని మీదే.

మొదటి ఏడాది మాత్రం దాన్ని నేను మెచ్చుకోని రోజు లేదు. గేటు రాకముందు సీజన్ అయిపోయాక స్టాక్ లెక్క పెడితే అరవై పీసుల దాకా తరుగు వచ్చేది, ఎక్కువగా నైటీలు, లెగ్గింగ్స్, పిల్లల ఫ్రాకులు. గేటు వచ్చాక అది ఇరవైకి దిగింది. మాకు అది చిన్న సంగతి కాదు. 800 పెట్టి కొన్న చీరను వెయ్యికి అమ్మితే అద్దె, జీతాలు, కరెంటు పోను మిగిలేది ఏ వందో. ఒక్క చీర పోతే ఎనిమిది చీరలు అమ్మితే గానీ ఆ గుంట పూడదు. పైగా దొంగతనంలో పోయిన సరుకు మీద మనం తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) కూడా వెనక్కి కట్టాలి, 17(5) సెక్షన్‌లో ఆ మాట రాసే ఉందని మా ఆడిటర్ చూపించాడు. పోయిన చీరకు మళ్లీ మనమే పన్ను కట్టడం ఏందని ఆ రోజు చాలాసేపు బాధపడ్డాను. అందుకే మహబూబ్‌నగర్‌లో రెడీమేడ్ షాపు నడిపే మా చిన్నాన్న కొడుక్కి, ఇంకేం ఆలోచించకుండా పెట్టించుకో తమ్ముడూ అని నేనే చెప్పాను.

ఇప్పుడు కూర్చుని ఆలోచిస్తే ఆ మాట తొందరపడి అన్నాననిపిస్తుంది. ఎందుకంటే అదే ఏడాది మేం ఇంకో రెండు పనులు చేశాం. వెనకాల మూలన ఉన్న ట్రయల్ రూమ్‌ను గల్లాకు ఎదురుగా మార్చాం, సీజన్‌కు ఒకసారి పెట్టే లెక్కను ప్రతి ఆదివారం పొద్దున పెట్టడం మొదలుపెట్టాం. వారం వారం లెక్క పెడితేనే తెలిసింది, తరుగులో కొంత అసలు దొంగతనమే కాదు. పార్సిల్ విప్పినప్పుడు బిల్లులో పన్నెండు ఉంటే లోపల పదకొండే ఉండటం, మార్చుకోవడానికి తెచ్చిన బట్టను రాసుకోకపోవడం, ఇట్లాంటివి. వీటిని ఏ గేటూ పట్టలేదు. తరుగు తగ్గడంలో గేటు వాటా ఎంత, లెక్క వాటా ఎంత అంటే విడదీసి చెప్పలేను.

2023 బతుకమ్మకు షాపు ముందు సీరియల్ లైట్లు కట్టించాం. ఆ సాయంత్రం నుంచి మనిషి లేకుండానే గేటు కూయడం మొదలుపెట్టింది. మాది రేడియో తరంగాలతో ట్యాగును పసిగట్టే 8.2 మెగాహెర్ట్జ్ రకం, దగ్గర్లో నాసిరకం లైట్ల అడాప్టర్ ఉంటే దాని గోలను కూడా ట్యాగే అనుకుంటుందట. ఆ సంగతి కంపెనీ మనిషి పండగ వెళ్లాక వచ్చి చెప్పాడు. అప్పటిదాకా గేటు ఆపేసి కూర్చున్నాం, అంటే జనం ఎక్కువున్న రోజుల్లోనే అది లేదు. బయట నుంచి వేరే షాపు ట్యాగుతో వచ్చినవాళ్లకూ కూస్తుంది. హైదరాబాద్‌లో కొన్న బ్యాగులో ట్యాగు ఉండిపోయిన పిల్ల ఒకతి మా తలుపులో అడుగుపెట్టగానే మోగి, ఏమీ కొనకుండానే వెనక్కి తిరిగిపోయింది.

ఇవన్నీ ఓర్చుకున్నాను. 2024 అక్టోబర్‌లో, సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు జరిగింది మాత్రం మరిచిపోలేకపోతున్నాను.

దేవరకొండ దిక్కు తండా నుంచి ఒక అవ్వ వచ్చింది, పన్నెండు పదమూడేళ్ల మనవరాలితో. పత్తి ఏరిన పైసలతో పిల్లకు లంగా ఓణీ సెట్టు, తనకు ఒక చీర తీసుకుంది. గంటసేపు చూసుకుంది, పిల్లకు ఏ రంగు నప్పుతుందో నన్నే అడిగింది. బిల్లు 1,850. పైసలు కట్టింది, సంచి తీసుకుని తలుపు దాటుతుంటే గేటు కూసింది. షాపులో అప్పుడు అరవై మందికి తక్కువ లేరు. అందరి తలలూ ఒక్కసారి తలుపు వైపు తిరిగాయి. తలుపు దగ్గర ఉన్నది పండగకని పెట్టుకున్న కొత్త పిల్లవాడు. వాడు ఆమె చేతిలో సంచి లాగేసుకున్నాడు. నేను గల్లా దగ్గర నుంచి లేచి ఆ జనం మధ్యలో తోసుకుంటూ వచ్చేసరికి అవ్వ కొంగు ముడి విప్పుతోంది. ఎవరూ అడగలేదు, తనంతట తనే విప్పింది. నాలుగు మడతలు పెట్టిన మా బిల్లు, ఆర్టీసీ బస్సులో ఇచ్చిన జీరో టికెట్లు రెండు, రెండు పది రూపాయల నోట్లు. అవి అరచేతిలో పట్టుకుని చుట్టూ ఉన్నవాళ్లందరికీ కనపడేలా చెయ్యి చాపి తిప్పుతోంది.

సంచిలో చూస్తే ఓణీ మడతలో ట్యాగు. సెట్టుకు ఒకటే ఉండాలి, గోడౌన్‌లో ఒకరు లంగాకు పెట్టారు, పైన ఇంకొకరు ఓణీకి పెట్టారు. బిల్లు దగ్గర కుర్రవాడు లంగా ట్యాగు తీసి పని అయిపోయిందనుకున్నాడు. తప్పు మొత్తం మాదే. అవ్వా, తప్పయింది, మాది పొరపాటు అన్నాను. బిల్లులో సగం తగ్గిస్తానన్నాను. ఆమె, "పైసలు కట్టిన గదా బిడ్డా, నలుగుర్ల నన్నెందుకు నిలబెట్టిండ్రు?" అని ఒక్కటే అడిగింది. నాకు నోట మాట రాలేదు. ఆ పిల్ల లంగా ఓణీ వద్దంది. ఎంత చెప్పినా సంచి ముట్టుకోలేదు. చీర కూడా వద్దని పైసలు వెనక్కి తీసుకుని ఇద్దరూ వెళ్లిపోయారు. పండగ ఎల్లుండి, ఆ పిల్లకు కొత్త బట్టలు ఇంకెక్కడ కొన్నారో, అసలు కొన్నారో లేదో.

ఆ రాత్రే కంపెనీకి ఫోన్ చేస్తే "మేడమ్, గేటు కరెక్టుగానే పనిచేసింది కదా" అన్నారు. అదే నా బాధ.

తర్వాత కొన్ని మార్చుకున్నాం. ఒక బట్టకు ఒకే ట్యాగు, అదీ ఎడమవైపు కుట్టు దగ్గరే. సెట్టయితే లంగాకే. బిల్లు చేసేటప్పుడు తీసిన ట్యాగులను ఒక స్టీలు గిన్నెలో వేసి, బిల్లులో పీసులెన్ని, గిన్నెలో ట్యాగులెన్ని అని చూసుకున్నాకే సంచి ఇస్తాం. కూత సౌండు అన్నిటికన్నా తక్కువకు పెట్టించాం. మోగినా జీతగాళ్లెవరూ కదలకూడదు, నేనో మా ఆడబిడ్డో వెళ్లి "అమ్మా, మేం ట్యాగు తీయడం మర్చిపోయినట్టున్నాం, ఒక్కసారి ఇటు రండి" అనే మాటతోనే మొదలుపెట్టాలి. నిజంగా దొంగిలించినవాళ్లకైనా ఆ మాటే. ఒకసారి ఇద్దరు ఆడవాళ్ల దగ్గర మూడు నైటీలు దొరికాయి, తీసుకుని పంపించేశాం. ఫొటో బజార్ వాట్సాప్ గ్రూపులో పెడదామని మా ఆయన అన్నాడు, నేను పెట్టనివ్వలేదు. 2024 జులై నుంచి అమలైన కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 5,000 లోపు విలువ దొంగతనానికి, మొదటిసారి శిక్ష పడేవాళ్లయితే, వస్తువు గానీ దాని విలువ గానీ తిరిగి ఇచ్చేస్తే సమాజ సేవే శిక్ష. కోర్టే అంత వరకు ఆగితే, మనం బజార్లో నిలబెట్టి పరువు తీయడం ఏం న్యాయం?

కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు నేను ఒకటే మాట చెప్పలేను. మాకు ఒకటే తలుపు, అదీ ఇరుకు. రెండు తలుపులుంటే ఖర్చు రెండింతలు. పుట్టపాక పట్టు చీరలకు ట్యాగు పిన్ను గుచ్చితే చిన్న రంధ్రం పడుతుంది, కాబట్టి అవి అద్దాల అల్మారాలోనే, వాటికి గేటుతో పనే లేదు. 300 నుంచి 1,500 లోపు రెడీమేడ్‌కు పనికొస్తుంది. ట్యాగు గేటుకు అందకుండా రేకు అడ్డం పెట్టుకుని తెలివిగా వచ్చేవాళ్లను ఆపదు, అప్పటికప్పుడు ఆశపడి సంచిలో వేసుకునేవాళ్లను ఆపుతుంది, మా దగ్గర ఎక్కువ వాళ్లే. బిల్లు దగ్గర ఇంటి మనిషి ఉండే షాపయితే పెట్టించుకోండి. అంతా జీతగాళ్ల మీదే నడిచే షాపయితే ముందు ఆదివారం లెక్క మొదలుపెట్టి ఆరు నెలలు చూడండి. మా తమ్ముడికి కూడా ఈ మధ్య ఇదే చెప్పాను.

మొన్న 2025 బతుకమ్మకు చివరి మూడు రోజులు సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది దాకా గేటు ఆపేసి తలుపు దగ్గర మా ఆడబిడ్డను నిలబెట్టాను. పండగ తర్వాత లెక్క పెడితే తొమ్మిది పీసులు తక్కువ వచ్చాయి. గేటు ఆన్‌లో ఉంటే అవి పోయేవి కాదని మా ఆయన వాదన. వచ్చే దసరాకు కూడా ఆపేస్తానని నేను చెప్పాను, ఇంకా తెగలేదు.