లడ్లో లాంటి ఊరు ఎంత భద్రం: పోలీసు లెక్కా, సర్వే లెక్కా?

ఇంగ్లండ్‌లో ఆస్పత్రి ఉద్యోగమొచ్చి ష్రాప్‌షైర్‌లోని లడ్లో లాంటి చిన్న ఊరికి మారే మనవాళ్లు ఇల్లు చూసే ముందు అడిగేది ఒకటే: "అక్కడ దొంగతనాలు ఎక్కువా?" జవాబు రెండు చోట్ల దొరుకుతుంది.

ఒకటి పోలీసుల లెక్క. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే నెలవారీగా, వీధివారీగా నేరాలు మ్యాప్‌లో కనిపిస్తాయి. కానీ బాధితుల వివరాలు బయటపడకుండా ప్రతి నేరాన్నీ దగ్గర్లోని ఒక బిందువుకు జరిపి చూపిస్తారు. కాబట్టి మీరు చూసిన ఇంటి పక్కన చుక్క ఉందని హడలిపోవద్దు. బజారు వీధిలో నివాసాలు తక్కువ, వచ్చిపోయేవాళ్లు ఎక్కువ. షాపుల్లో చోరీలన్నీ ఆ కొద్దిమంది తలల మీద లెక్కేస్తే రేటు భయపెట్టేలా ఉంటుంది. పైగా, ఫిర్యాదుల్లో దాదాపు 19 శాతం నమోదే కావడం లేదని 2014లో పోలీసు తనిఖీ సంస్థే తేల్చింది. అది చిన్న లోపం కాదు.

రెండోది కొన్ని ఇళ్లను ఎంచుకుని, మీ మీద ఏం నేరాలు జరిగాయని అడిగే నేర సర్వే, 1982 నుంచి ఉంది. పోలీసులకు చెప్పని నేరాలూ ఇందులోకి వస్తాయి. దేశం మొత్తమ్మీద నేరాలు పెరిగాయో తగ్గాయో దీన్ని చూసే చెప్పాలి. లడ్లో ఒక్కదాని సంగతి మాత్రం ఇది చెప్పలేదు, షాపు చోరీలు లెక్కలోకే రావు.

ఇల్లు ఎంచుకోవడానికి నా ఓటు మ్యాప్‌కే. అయితే ఒక్క నెల చూసి వదిలేయకుండా ఏడాది పొడవునా చూడండి. మొత్తం అంకె పక్కనపెట్టి, ఇళ్లలో దొంగతనాలు, హింస విడివిడిగా చదవండి.