సరుకు దగ్గర లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మడం: అమలాపురం నుంచి నాలుగేళ్ల అనుభవం

2021 సంక్రాంతికి ముందు మొదలుపెట్టాను. బండారులంకలో నేసే కాటన్ చీరలు, నరసాపురం వైపు ఆడవాళ్లు ఇళ్లలో అల్లే లేసు టేబుల్ క్లాత్‌లు అమ్ముతాను. సరుకు నా ఇంట్లో ఉండదు. ఫొటోలు, లిస్టింగ్, బిల్లు నావి. ఆర్డర్ రాగానే నేసినవాళ్ల ఇంటి నుంచే కొరియర్ అబ్బాయి పార్సిల్ తీసుకెళ్తాడు. రెండు మార్కెట్‌ప్లేస్‌లలో, అంటే ఎవరైనా సరుకు పెట్టి అమ్ముకునే షాపింగ్ యాప్‌లలో, ఇలా డ్రాప్‌షిప్పింగ్ చేస్తున్నాను. ఈ పద్ధతిలో డబ్బు ఎక్కడెక్కడ ఇరుక్కుంటుందో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

పెట్టుబడి అక్కర్లేని వ్యాపారం అని వీడియోల్లో చెప్తుంటారు. నమ్మకండి. ఒక చీర లెక్క చూడండి. ఆర్డర్ వచ్చిన రోజే నేతన్నకు వెయ్యి ఇస్తాను. మర్నాడు పికప్. చేరడానికి ఆరు రోజులు. రిటర్న్ గడువు ఏడు రోజులు. ఆ తర్వాత సెటిల్‌మెంట్, అంటే మార్కెట్‌ప్లేస్ వాళ్లు కోతలు పోను ఇచ్చే డబ్బు, నా బ్యాంకులో పడేసరికి ఇంకో నాలుగు. అంటే నా వెయ్యి రూపాయలు 18 రోజులు బయట తిరుగుతాయి. రోజుకు మూడు చీరలు అమ్మితే ఎప్పుడూ 54 వేలు బయటే. 2022 దసరాకి రోజుకు పది ఆర్డర్లు వచ్చాయి. ఇంట్లో అందరం సంబరపడ్డాం. పదో రోజుకల్లా చేతిలో ఉన్నదంతా అయిపోయి, నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చాను. అమ్మకాలు పెరిగేకొద్దీ చెయ్యి ఖాళీ అవుతుందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

సప్లయర్‌కి డబ్బు ఆపండి, సెటిల్‌మెంట్ వచ్చాకే ఇవ్వండి అని చాలామంది సలహా ఇస్తారు. రిస్క్ తగ్గే మాట నిజమే. ఒకసారి నేనూ అడిగి చూశాను. బండారులంకలో నాకు చీరలు నేసే బాబాయ్ మగ్గం గుంటలోంచి తల పైకెత్తి, "నూలోడు ఆగడు కదా అబ్బాయ్. డబ్బు ఆగితే మగ్గం ఆగుద్ది" అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ 18 రోజుల బరువు అమ్మేవాడే మొయ్యాలి, నేసేవాళ్ల మీదకి నెట్టకూడదు. మొయ్యాలంటే ముందు దాని బరువెంతో తెలియాలి కాబట్టి, అప్పటి నుంచి ఒక నోటు పుస్తకంలో రోజూ ఒకే అంకె రాస్తున్నాను: ఇవాళ బయట ఎంత ఉంది. 60 వేలు దాటితే కొన్ని లిస్టింగ్‌లలో స్టాక్ సున్నా పెట్టేస్తాను.

2022 జులై వరద మర్చిపోలేను. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. లేసు అల్లే పిన్నిగారి ఊరికి దారి మునిగి పార్సిళ్లు బయటికి రాలేదు. డిస్పాచ్ ఆలస్యం అయిందని ఒక మార్కెట్‌ప్లేస్ వాళ్లు నా అకౌంట్‌ని హోల్డ్‌లో పెట్టారు. ఎప్పుడో అమ్మిన చీరల డబ్బుతో కలిపి 41 వేలు 23 రోజులు ఆగిపోయింది. వరద ఫొటోలు పంపినా, వాళ్లు అడిగింది జీఎస్టీ సర్టిఫికెట్, సప్లయర్ బిల్లులు. అప్పట్లో నేతవాళ్లకి డబ్బు ఇచ్చినట్టు నా దగ్గర ఫోన్‌పే చరిత్ర తప్ప కాగితం లేదు. ఇప్పుడు ప్రతి చీరకీ చిన్న బిల్లు రాయించి సంతకం పెట్టించుకుంటున్నాను. జులై నుంచి సెప్టెంబర్ వరకు డిస్పాచ్ గడువు రెండు రోజులు ఎక్కువ పెడతాను. గోదావరికి ఎర్రనీళ్లు రాగానే లంకల సరుకు లిస్టింగ్‌లు ఆపేస్తాను.

రిటర్న్‌ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. కిందటేడు మాఘమాసం పెళ్లిళ్లప్పుడు మెరూన్ అంచు చీర ఒకటి తిరిగొచ్చింది. కారణం దగ్గర "రంగు నచ్చలేదు" అని ఉంది. విప్పి చూస్తే లోపల అంచుకి ఫాల్ కుట్టి ఉంది. పమిట దగ్గర పిన్నీసు గుచ్చిన రెండు రంధ్రాలు, కుచ్చిళ్ల మీద పసుపు మరక. ఇంతకంటే రుజువు ఏం కావాలి అనుకుని ఫొటోలతో క్లెయిమ్ పెడితే తిరస్కరించారు. పార్సిల్ మీది లేబుల్ నుంచి చీర మడత విప్పేదాకా ఎక్కడా ఆగకుండా తీసిన ఒకే వీడియో కావాలట. ఇప్పుడు రిటర్న్ ఏదైనా సరే, ఫోన్ స్టాండుకి పెట్టి వీడియో మొదలయ్యాకే కత్తెర పట్టుకుంటాం. ఆ పద్ధతి పెట్టాక వేసిన క్లెయిమ్‌లలో ఎక్కువ భాగం వచ్చాయి.

క్యాష్ ఆన్ డెలివరీలో ఇంటిదాకా వెళ్లి, తీసుకోక తిరిగొచ్చేవి ఇంకో తలనొప్పి. ₹1,450 చీర మీద అన్నీ పోగా నాకు మిగిలేది నూటపాతిక. ఒక్కటి తిరిగొస్తే రానుపోను ఖర్చు ఆ లాభాన్ని మింగేస్తుంది. రెండింటిలో ఒక మార్కెట్‌ప్లేస్‌లో దాన్ని ఆపే వీలుంది, ఆపేశాను. ఆర్డర్లు తగ్గిన మాట నిజమే కానీ రాత్రి నిద్ర పడుతోంది.

సెటిల్‌మెంట్ షీట్ నెలకోసారైనా వరస వరసా చదవండి. కమిషన్, షిప్పింగ్, వాటి మీద 18 శాతం జీఎస్టీ కాక ఇంకో రెండు కోతలుంటాయి, అమ్మకం మీద మార్కెట్‌ప్లేస్ వాళ్లే ముందుగా పట్టుకుని మన పేరున ప్రభుత్వానికి కట్టే పన్నులు. జీఎస్టీ టీసీఎస్ ఒక శాతం ఉండేది, 2024 జులై 10 నుంచి అర శాతం. ఆదాయపు పన్ను టీడీఎస్ కూడా ఒక శాతమే ఉండేది, 2024 అక్టోబర్ 1 నుంచి 0.1 శాతం. ఇవి పోయిన డబ్బులు కావు. టీసీఎస్‌ని జీఎస్టీ పోర్టల్‌లో ఒప్పుకుంటే అక్కడి మన క్యాష్ లెడ్జర్ అనే ఖాతాలోకి వస్తుంది, టీడీఎస్ మనం ఆదాయపు పన్ను రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. మొదటి ఏడాదిన్నర నేను టీసీఎస్ వైపు చూడనే లేదు. మా ఆడిటర్ గారు చూపిస్తే తొమ్మిది వేల చిల్లర అక్కడే పడి ఉంది.

మార్కెట్‌ప్లేస్ బయట నేరుగా అడిగేవాళ్లతో ఇంకా జాగ్రత్త. ఒకాయన హోటల్‌కి అని 60 లేసు మ్యాట్‌లు అడిగి, ₹22,000 వేసినట్టు స్క్రీన్‌షాట్ పంపి, ఆటో బయల్దేరింది త్వరగా ఇచ్చేయండి అని ఒకటే తొందర. పిన్నిగారు అప్పటికే సంచి కట్టేశారు. బ్యాంకు యాప్ తెరిచి చూస్తే రూపాయి కూడా పడలేదు. ఆ మాట చెప్పగానే ఆయన ఫోన్ మూగబోయింది. స్క్రీన్‌షాట్, మెసేజ్ ఏదీ డబ్బు కాదు, ఖాతాలో బ్యాలెన్స్ పెరిగితేనే డబ్బు. డబ్బు రావడానికి పిన్ కొట్టమని ఎవరన్నా అడిగితే అది మోసమే. పొరపాటున పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు దొరికే అవకాశం అంత ఎక్కువ.

దీనికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది నిజంగానే వచ్చిన డబ్బు. తెలియని ఒకరు ₹6,500 వేసి నాలుగు చీరలు కొన్నారు. రెండు వారాల తర్వాత ఆ డబ్బు ఏదో సైబర్ మోసం ఫిర్యాదులో ఉందని బ్యాంకు వాళ్లు నా ఖాతా మొత్తం ఆపేశారు. పిల్లల స్కూల్ ఫీజు కూడా అందులోనే ఉంది. బిల్లు, కొరియర్ రసీదు, చాట్ పట్టుకుని తిరిగితే విడవడానికి నెల పట్టింది. ఇప్పుడు వ్యాపారానికి వేరే కరెంట్ అకౌంట్ ఉంది, ఇంటి డబ్బు అందులో ఒక్క రోజు కూడా ఉంచను. నేరుగా కొనేవాళ్లకి పేమెంట్ లింకే పంపుతాను, డబ్బు వేయడానికి నా నంబర్ ఇవ్వను.

యాభై అరవై వేలు రెండు మూడు వారాలు కదలకపోయినా ఇల్లు గడిచేవాళ్లకి ఈ పద్ధతి పనికొస్తుంది. ఆ వెసులుబాటు లేకపోతే రోజుకు ఒక్క ఆర్డర్‌తో మొదలుపెట్టండి, అప్పు తెచ్చి మాత్రం వద్దు.

నిన్న బండారులంక వెళ్తే బాబాయ్, దసరాకి ముప్పై చీరలకి డబ్బు ఇస్తావా, నూలు తెచ్చుకుంటాను అని అడిగారు. అక్కడే కూర్చుని పుస్తకం తీశాను. బయట 42 వేలు ఉంది. పద్దెనిమిది నేయండి బాబాయ్ అని, ఆ పద్దెనిమిదికీ డబ్బు అప్పుడే ఇచ్చి వచ్చాను.