ఇంట్లో వేప్ లిక్విడ్ కలుపుకునే స్టార్టర్ కిట్: సిరంజిలు పక్కన పెట్టి కాటా కొనండి

బ్రిటన్‌లో వేప్ (ఈ-సిగరెట్) దుకాణాల్లో దొరికే స్టార్టర్ కిట్లు ఏ కంపెనీవైనా లోపలి సరుకు ఇంచుమించు ఒకటే. ప్రొపిలీన్ గ్లైకాల్ అంటే పీజీ ఒక సీసా, వెజిటబుల్ గ్లిజరిన్ అంటే వీజీ ఒక సీసా, నికోటిన్ షాట్లు (మిల్లీలీటరుకు 18 మి.గ్రా. నికోటిన్ ఉండే చిన్న సీసాలు) కొన్ని, రెండు మూడు ఫ్లేవర్ సీసాలు, ఖాళీ సీసాలు, సిరంజిలు. పీజీ, వీజీ, షాట్లు పనికొచ్చేవే. సిరంజిలే కిట్‌లో నాసిరకం వస్తువు.

వీజీ తేనెలా చిక్కగా ఉంటుంది. సిరంజిలోకి లాగితే గాలి బుడగలు చేరతాయి, గోడలకు అంటుకుని కొంత లోపలే మిగిలిపోతుంది. ఆ తర్వాత ఒక్కో సిరంజినీ కడగాలి. పోయిన నెల బాగా కుదిరిన రుచి ఈ నెల కుదరకపోతే రెసిపీని తిట్టుకుంటారు. తప్పు చాలాసార్లు కొలతది. దీనికి మందు 0.01 గ్రాము దాకా చూపే కాటా. వంటింటి కాటాలు చాలావరకు ఒక గ్రాము దాకానే చూపుతాయి, అవి ఇక్కడ పనికిరావు. 100 గ్రాముల జేబు కాటా కూడా వద్దు. 60 మి.లీ. లిక్విడే 71 గ్రాములకు పైన తూగుతుంది, గాజు సీసా బరువు కలిస్తే కాటా చేతులెత్తేస్తుంది. 500 గ్రాముల కాటా తీసుకోండి. కొనేముందు ఒకటి చూడాలి: దానంతటదే ఆగిపోయే టైమర్‌ను ఆపే వీలుందా? మధ్యలో ఆగితే అంతవరకు పోసిన లెక్క పోయినట్టే.

ఇక లెక్క. 60 మి.లీ., 70 పాళ్లు వీజీ, 30 పాళ్లు పీజీ, మిల్లీలీటరుకు 3 మి.గ్రా. నికోటిన్ కావాలనుకుందాం. 10 మి.లీ. షాట్‌లో ఉండేది 180 మి.గ్రా. నికోటిన్. దాన్ని 60తో భాగిస్తే సరిగ్గా 3. అంటే ఒక షాట్ చాలు. షాట్ పూర్తి వీజీతో చేసినదైతే కొలతలివి (కపెల్లా, టీఎఫ్ఏ అనేవి ఫ్లేవర్ కంపెనీలు):

కపెల్లా స్వీట్ మ్యాంగో 4 శాతం, 2.4 గ్రా.
టీఎఫ్ఏ వెనిల్లా స్విర్ల్ 2 శాతం, 1.2 గ్రా.
పీజీ 14.4 మి.లీ., 14.92 గ్రా.
నికోటిన్ షాట్ 10 మి.లీ., దాదాపు 12.6 గ్రా.
వీజీ 32 మి.లీ., 40.32 గ్రా.

పీజీ మిల్లీలీటరు 1.036 గ్రాములు, వీజీ 1.26 గ్రాములు తూగుతాయి. ఫ్లేవర్‌ను ఒక గ్రాముగా లెక్కేస్తే చాలు. ఈ ఫ్లేవర్లు పీజీలో కరిగించినవి కాబట్టి వాటిని పీజీ వాటాలోంచే తీసేశాం. షాట్ సగం పీజీ, సగం వీజీ అయితే పీజీ 9.4 మి.లీ.కి తగ్గి, వీజీ 37కి పెరుగుతుంది. షాట్ మీది లేబుల్ చదవకుండా కలిపేవాళ్లకు లిక్విడ్ పల్చబడేది ఇక్కడే.

ఖాళీ సీసాను కాటా మీద పెట్టి సున్నా చేయండి. ముందు ఫ్లేవర్లు, తర్వాత పీజీ, షాట్, చివర వీజీ. ఒక్కోటి పోశాక మళ్లీ సున్నా. ఫ్లేవర్లు ముందెందుకంటే, చెయ్యి జారి నాలుగు చుక్కలు ఎక్కువ పడినా పారబోసేది కాస్తే. మూత బిగించి రెండు నిమిషాలు గట్టిగా ఊపండి. సరిగా కలవకపోతే నికోటిన్ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉండి గొంతు మండిస్తుంది.

పళ్ల రుచులు ఒకటి రెండు రోజుల్లో కుదురుకుంటాయి. కస్టర్డ్, క్రీమ్ రుచులకు రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మూత తీసి ఎండలో పెట్టడం, వేడినీళ్లలో ముంచడం వద్దు. గాలీ వేడీ తగిలితే నికోటిన్ గోధుమరంగుకు తిరిగి మిరియాల ఘాటు వస్తుంది. రుచి చాలలేదని ఫ్లేవర్ పెంచుకుంటూ పోతే ఒక హద్దు దాటాక రసాయన వాసనే మిగులుతుంది. ముందు 10 మి.లీ. కలిపి చూసి, తర్వాత 60కి వెళ్లండి. మామిడి పేరు చూసి బంగినపల్లిని ఊహించుకోవద్దు; సీసాలో వచ్చేది మామిడి జ్యూస్ తీపే. తీపి కోసం సుక్రలోజ్ కలిపితే లిక్విడ్‌ను వేడిచేసే కాయిల్ మీద నల్లటి మడ్డి పేరుకుని త్వరగా మాడిపోతుంది. దాల్చినచెక్క, నిమ్మ జాతి ఫ్లేవర్లు కొన్ని వేప్‌లో లిక్విడ్ నింపే ప్లాస్టిక్ ట్యాంకులను పగలగొడతాయి, వాటికి గాజు ట్యాంకే వాడాలి.

స్వీట్లలో వేసే ఎసెన్సులు, నూనెలో చేసిన ఫ్లేవర్లు ఎంత చవకగా దొరికినా ముట్టుకోవద్దు. నూనె ఆవిరై ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఒకరకం న్యుమోనియా రావచ్చు. వెన్న రుచినిచ్చే డయాసిటైల్ బ్రిటన్‌లో 2016 నుంచి నికోటిన్ లిక్విడ్లలో నిషిద్ధం. కస్టర్డ్ ఫ్లేవర్ కొనేటప్పుడు అది లేదని అమ్మేవాళ్లు రాతపూర్వకంగా చెప్పిందే తీసుకోండి.

షాట్ తెరిచేముందు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోవాలి, నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది. చిందితే వెంటనే సబ్బునీళ్లతో కడగండి. ఒక్క షాట్ పసిపిల్ల ప్రాణం తీయగలదు. అందుకే కలిపిన సీసా మీద తేదీ, నికోటిన్ పాళ్లు రాసి, తాళం వేసిన అరలో పెట్టాలి. పిల్లలు మింగితే బ్రిటన్ అత్యవసర నంబరు 999కి ఫోన్ చేయండి. మిల్లీలీటరుకు 20 మి.గ్రా. దాటిన నికోటిన్‌ను అక్కడ మామూలు కొనుగోలుదారుకు అమ్మకూడదు. ఆన్‌లైన్‌లో 72 మి.గ్రా. సీసా కనిపిస్తే వదిలేయండి.

సిగరెట్ మానడానికి వేప్ వాడుతున్న పెద్దవాళ్లకే ఈ కిట్ పనికొస్తుంది. పొగ అలవాటే లేనివాళ్లు దీని జోలికి రావద్దు. ఇక్కడ మన దగ్గరికి తెప్పించుకోవాలని చూడొద్దు కూడా. భారత్‌లో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ 2019 చట్టం ప్రకారం నేరం.