కుబుసం విడిచిన టరాంటులా పిల్లకు తొలి మేత: బతికున్న కీచురాయా, చంపినదా?

గుత్తి పేరుతో ప్రపంచానికి తెలిసిన నీలి టరాంటులా అనే పెద్ద సాలీడు పిల్లలను విదేశాల్లో ఎందరో ఇళ్లలో పెంచుతున్నారు. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో ఆ జాతి అంతరించిపోయే అంచున ఉంది కనుక, పెంపకంలో పుట్టిన పిల్లను మాత్రమే కొనాలి.

తొలి మేత ఏదైనా, ముందు కోరలను గమనించాలి. కుబుసం విడిచిన వెంటనే తెల్లగా, మెత్తగా ఉండే కోరలు క్రమంగా ఎర్రబడి, చివరకు నల్లబడి గట్టిపడతాయి. చిన్న పిల్లల్లో దీనికి కొద్ది రోజుల నుంచి వారం దాకా పడుతుంది, అప్పటివరకు నీరు చాలు.

బతికున్న కీచురాయి కదలికలు నేల మీదుగా, గూటి దారాల మీదుగా సాలీడుకు చేరి, దానిలోని వేట స్వభావాన్ని మేల్కొలుపుతాయి. పెంకు ఇంకా పూర్తిగా గట్టిపడకపోతే మాత్రం వేటాడవలసినదే వేటగా మారుతుంది: ఆకలిగొన్న కీచురాయి మెత్తని సాలీడును కొరికి చంపగలదు. అందుకే అది సాలీడు పొట్టకన్నా చిన్నదిగా ఉండాలి, తినకపోతే ఆ రాత్రికే తీసివేయాలి.

చంపిన కీచురాయితో ఈ ప్రమాదం లేదు. మరీ చిన్న పిల్లలు చచ్చిన పురుగును కూడా ఇష్టంగా తింటాయి, కాబట్టి ఒక కాలి ముక్క పెట్టినా సరిపోతుంది. తేమ ఉన్న డబ్బాలో అది త్వరగా బూజు పడుతుంది, అందువల్ల మరునాడు తొలగించడం తప్పనిసరి.

తొలి మేతకు చంపినదే మేలని, రెండో మేత నుంచి బతికున్నది ఇవ్వవచ్చని నా దృఢమైన అభిప్రాయం. పిల్ల ముట్టుకోకపోతే బలవంతపెట్టక, నాలుగైదు రోజులు ఆగి మళ్లీ పెట్టాలి.