నయీంనగర్ సెల్లార్: మూతపడ్డాక రాస్తున్న రివ్యూ

మూతపడ్డ జాగాకు రివ్యూ ఎందుకంటారా? నయీంనగర్‌లో ఒక సెల్లార్‌లో వింత చప్పుళ్లతో మ్యూజిక్ ప్రోగ్రాంలు నడిపిన పోరలు హనుమకొండలోనే ఇంకో గది వెతుకుతున్నారట. దొరికితే ఈ నాలుగు ముక్కలు వాళ్లకూ పనికొస్తాయి, టికెట్ కొనేవాళ్లకూ పనికొస్తాయి. నాది మైక్ సెట్ల పని. బరాత్‌లు, బతుకమ్మ, నిమజ్జనం, ఎలక్షన్ మీటింగులు అన్నీ చూసినవాణ్ణి, కాబట్టి చప్పుడు గురించి నన్ను నమ్మొచ్చు.

కాంప్లెక్స్ కింద సెల్లార్. పైన జిరాక్స్ షాపు, ఆ పైన హాస్టల్. ర్యాంపు దిగి, బైకుల మధ్య నుంచి వెనక్కి పోతే ఒక షట్టర్. బోర్డు లేదు. శనివారం రాత్రులే ప్రోగ్రాం, టికెట్ 150 రూపాయలు, చాయ్ అందులోనే. పాటలు వినొచ్చని వచ్చినవాళ్లు పది నిమిషాల్లో లేచిపోయేవాళ్లు. ఒకడు కూరగాయల మార్కెట్‌లో రికార్డు చేసిన కేకలను పాత క్యాసెట్ ప్లేయర్‌లో వేసి, స్పీడు మారుస్తూ సాగదీస్తుంటాడు. ఇంకొకడు గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టి తీగల మీద సైకిల్ పుల్ల రాస్తుంటాడు.

"తమ్మీ, ఇది మ్యూజికేనా?" అని అడిగాను. వాడు చిన్నబుచ్చుకోలేదు. 1969లోనే అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) కరెంటుతో స్వరాలు పుట్టించే మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టారనీ, అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ అనే సంగీతకారుడు వచ్చి అదంతా సిద్ధం చేశాడనీ, కొన్నేళ్లకే ఆగిపోయిందనీ చెప్పి, ఆ టేపులు 2023లో ఆల్బంగా వచ్చాయని ఫోన్‌లో వినిపించాడు. లండన్ యూఎఫ్ఓ క్లబ్ సంగతీ వాడే చెప్పాడు. 1966 డిసెంబర్‌లో ఒక ఐరిష్ డ్యాన్స్ హాలు బేస్‌మెంట్‌లో మొదలైంది, పింక్ ఫ్లాయిడ్ తొలిరోజుల్లో అక్కడే వాయించేది, ఇంకో హాలుకు మారి 1967 అక్టోబర్‌కల్లా మూతపడింది. "మనం కూడా ఏడాది నడిపితే చాలన్నా" అన్నాడు. అగ్రిమెంటు మాత్రం మూడేళ్లకు రాసుకున్నారు.

మొదట్లో సౌండ్ ఘోరం. చుట్టూ కాంక్రీటు, నెత్తిమీదే స్లాబు. ఎదురెదురు గోడల మధ్య బేస్, అంటే దడదడమనే లావు చప్పుడు, కొట్టుకొని ఒక మూల గుండె అదిరేది, నాలుగడుగులు జరిగితే అసలు వినపడేదే కాదు. దీనికి మందని వీళ్లు గోడలకు గుడ్ల ట్రేలు అంటించారు. ఊరంతా నమ్మే మాటే గానీ గుడ్ల ట్రేలు బేస్‌నూ ఆపవు, మోత బయటికి పోకుండానూ ఆపవు. పైపై కీచుదనం కాస్త తగ్గుతుంది, అంతే. నిప్పంటుకుంటే మాత్రం భేషుగ్గా కాలుతాయి. అవి పీకించి, కొత్తవాడ నుంచి రంగు వెలిసిన షతరంజీలు (జంపఖానాలు) తెప్పించాను. 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన వరంగల్ దర్రీలు ఇవే. వాటిని గోడకు ఆనించకుండా జానెడు ఎడంగా వేలాడదీశాం. ఆ వారం నుంచే గదిలో మాట స్పష్టంగా వినపడింది. బేస్ మాత్రం గుడ్డకు లొంగదు, వాల్యూమ్ తగ్గించాల్సిందే. ఆ ముక్క వాళ్ల తలకెక్కడానికి చాలా టైం పట్టింది.

ఎక్కిన రోజు సంగతి చెప్తాను. ఎల్లమ్మ కథ చెప్పే బవనీల పెద్దాయన ఒకరిని జమిడిక అనే తీగ వాద్యంతో పిలిచారు. చర్మం మధ్యలోంచి వచ్చిన తీగను ఒక చేత్తో బిగిస్తూ, వదులుతూ, రెండో చేత్తో మీటుతుంటే ఆ స్వరం సాగి వంగుతుంది. ఆ చర్మానికి అదురును పట్టే చిన్న పికప్ అంటించి, డిలే పెట్టెకు కలిపారు. మీటిన ప్రతి దెబ్బా కాసేపాగి తిరిగొస్తోంది. పెద్దాయన చెయ్యి ఆపి విన్నాడు. మళ్లీ మీటి, తిరిగొచ్చే దెబ్బకు సందు వదిలి వాయించసాగాడు. "నా ఎనుక ఇంకోడు కొడుతున్నడు బిడ్డా, ఆనికి జాగియ్యాలె గదా" అన్నాడు. ఆ రాత్రి ఒక్కటే స్పీకర్ బాక్సు ఆన్‌లో ఉంది, అదీ సగం వాల్యూమ్‌లో. బోనాల్లో డీజే బండి పక్కన ఇదే జమిడిక వాయిస్తే, వాయించేవాడికే వినపడదు. ఆ ఒక్క ప్రోగ్రాంకి 150 ఏంటి, 500 పెట్టొచ్చు.

ఇక లోపాలు. గాలి ఆడదు, దారి ఒక్కటే. పెడస్టల్ ఫ్యాను వేస్తే మెల్లగా వాయించేవాళ్లు వినపడరు, ఆపితే చెమటతో స్నానమే. అన్నిటికంటే పెద్ద తప్పు టైం. ఏడింటికని రాసి ఎనిమిదిన్నరకు మొదలుపెడితే పదిలోపు ఎట్లా అవుతుంది? 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో రాత్రి పది దాటాక పరిమితి 45 డెసిబెల్స్. మూసిన హాలుకు మినహాయింపు ఉందని వీళ్ల వాదన. ఆ మినహాయింపు లోపలివాళ్లు వినే మైకుకు, పైన ఇంటర్ పరీక్షలకు చదివే పిల్లల కిటికీలు గరగరలాడించే బేస్‌కు కాదు. హాస్టల్ వాళ్లు గొడవ చేశారు, వెంటనే సెల్లార్ పార్కింగ్‌కే వాడాలని నోటీసు వచ్చింది, షట్టర్ దిగింది. నోటీసులో తప్పేమీ లేదు, బండ్లన్నీ రోడ్డు మీదే ఉండేవి మరి.

అయిదుకు మూడున్నర ఇస్తాను. అర పాయింటు చాయ్‌కి, అది నిజంగా బాగుండేది. కొత్త గదికి రెండో దారి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నాయో లేదో చూసుకునే అడ్వాన్స్ ఇవ్వండి తమ్మీ. ఇంకోటి, నా మైక్ స్టాండ్లు రెండు మీ దగ్గరే ఉన్నాయి. పెళ్లిళ్ల సీజన్‌లోపు పంపించండి.