.243 విన్‌చెస్టర్: ఎనిమిది సీజన్ల తర్వాత

టెక్సస్ హిల్ కంట్రీలో జింకల వేటకు నేను మొదట తీసుకెళ్ళింది ఆఫీసులో ఒకాయన వాడుకోమని ఇచ్చిన .30-06 అనే పెద్ద తూటా రైఫిల్. అది భుజం మీద తన్నే తన్నుకు భయపడి, ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటు వదిలించుకోవడానికే తన్ను తక్కువుండే .243 తూటా రైఫిల్ కొన్నాను.

దీనిలో నాకు ప్రాణమైన సంగతి ఒక్కటే. 100 గ్రెయిన్ల (దాదాపు ఆరున్నర గ్రాముల) బులెట్ కాల్చినా స్కోప్ గురి మీంచి పెద్దగా కదలదు. జింకకు ఎక్కడ తగిలిందో, ఎటు పరుగెత్తిందో కళ్ళారా చూస్తాను. మా అమ్మాయి పదమూడో ఏట దీనితోనే కాల్చడం నేర్చుకుంది, ఒక్కసారి కూడా భుజం నొప్పి అనలేదు.

.308 తూటా మూతిని సన్నం చేసి 1955లో దీన్ని తెచ్చినప్పటి నుంచీ, తేలిక బులెట్ వేస్తే కాయోటీలకు (నక్కల్లాంటి అడవి జంతువులకు), బరువు బులెట్ వేస్తే జింకలకు పనికొస్తుందని పేరు. అదే ఏడాది వచ్చిన పోటీ తూటా .244 రెమింగ్టన్ వెనకబడటానికి ఒక కారణం, బులెట్‌ను గిరగిరా తిప్పడానికి దాని నాళం లోపల చెక్కిన గాడుల మెలిక. 12 అంగుళాలకు ఒక చుట్టు కావడంతో బరువు బులెట్లకు అది సరిపోదన్న మాట పడింది. .243కి సాధారణంగా 10 అంగుళాలకే చుట్టు. ఇది చదివే, రెండు పనులకూ ఒకే తుపాకీ చాలని అందరికీ చెప్పేవాణ్ణి.

రెండో సీజన్ నవంబర్‌లో మేకల మంద దగ్గరికి కాయోటీలు వస్తున్నాయని రాంచ్ ఓనర్ పిలిస్తే, 58 గ్రెయిన్ల తేలిక బులెట్లతో జీరో చేసుకుని (గురి పెట్టిన చోటే తగిలేలా స్కోప్ సరిచేసుకుని) నాలుగు రాత్రులు కాపు కాశాను. ఆ వారాంతమే జింకలకు వెళ్ళాను. మ్యాగజైన్‌లో ఏ తూటాలున్నాయో చూడలేదు. పొద్దు వాలుతుండగా ఎనభై గజాల్లో ఒక లేడి పక్కకు తిరిగి నిలబడింది. కాల్చాను. భుజానికి తగలడం స్పష్టంగా కనబడింది. ముందుకు తూలి, లేచి, మూడు కాళ్ళ మీద సీడర్ పొదల్లోకి పోయింది. నెత్తురు అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క. ఓనరూ నేనూ టార్చిలతో వెతికితే రెండున్నర గంటలకు దొరికింది. ఇంకా బతికే ఉంది. దగ్గరి నుంచి ఇంకో తూటా కాల్చాల్సి వచ్చింది. కోసి చూస్తే బులెట్ భుజం ఎముక మీదే ముక్కలైంది, ఒక్క తునకా ఊపిరితిత్తుల దాకా పోలేదు. తగలగానే చిట్లిపోవడానికే దాని తొడుగు పలచగా చేస్తారు. తప్పు పూర్తిగా నాది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి జింకల సీజన్ అయ్యేదాకా 58 గ్రెయిన్ల డబ్బా ఇల్లు దాటదు. కాయోటీ ఎదురైనా 100 గ్రెయిన్లతోనే కాలుస్తాను. పైగా నా రైఫిల్‌లో ఈ రెండు బులెట్లు వంద గజాల్లో రెండు అంగుళాలకు పైగా తేడాతో తగులుతాయి, మార్చిన ప్రతిసారీ మళ్ళీ జీరో చేయాల్సిందే. కాబట్టి రెండు పనులకూ ఒకటే అన్న నా మాట సగమే నిజం. రోజంతా చిన్న జంతువుల్నే కాల్చేవాళ్ళకు ఇంకా చిన్న తూటా .223 చవక, నాళం కూడా ఇంత వేడెక్కదు.

మా దగ్గరి జింకలు చిన్నవి, నేను 150 గజాలు దాటి ఎప్పుడూ కాల్చలేదు. నాకు .243 చాలు. కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద దుప్పికి కూడా ఈ సైజు బులెట్‌ను చట్టం ఒప్పుకుంటుంది గానీ, నేను మాత్రం దీనితో వెళ్ళను. ఈ నవంబర్‌లో మా అమ్మాయి మొదటిసారి జింకల వేటకు వస్తోంది. తన కోసం 100 గ్రెయిన్ల డబ్బాలు రెండు కొన్నాను, మ్యాగజైన్ తనే నింపుతుంది, నేను పక్కన కూర్చుని ఒక్కో తూటా చూస్తాను.