బాబు మంచం పక్కన ఎర్ర లైటు: రేడియేషన్ మీటరు మూడు నెలలు వాడాక

చేతిలో పట్టుకునే ఈఎంఎఫ్ మీటరు, అంటే వైర్లు, ఫోన్ల నుంచి వచ్చే విద్యుదయస్కాంత క్షేత్రాల్ని కొలిచేది, ఒకటి ఆన్‌లైన్‌లో కొని మూడు నెలలైంది. కంపెనీ పేరు రాయడం లేదు. అచ్చం ఇలాంటివే వేరే వేరే పేర్లతో బోలెడు కనిపిస్తున్నాయి, నేను చెప్పేది వాటిలో చాలావాటికి వర్తిస్తుంది.

కొన్నది మా చెల్లి కోసం. అప్పటికి దానికి బాబు పుట్టి రెండు నెలలు. బాబు మంచం వేసిన గోడకి అవతల పక్కనే కరెంటు మెయిన్ బోర్డు ఉంది. "అక్కా, గోడలోంచి కూడా రేడియేషన్ వస్తుందట కదా, వీడి తల సరిగ్గా అక్కడే ఉంటోంది" అని రోజూ ఫోన్ చేసి టెన్షన్ పడేది. దొరికిందల్లా చదివి ఇద్దరం భయపడే బదులు, కొలిచి చూస్తే ఒక పని అయిపోతుంది కదా అని తెప్పించాను.

మొదటి రాత్రి సంగతి వివరంగా చెప్పాలి. మీటరుని గోడకి ఆనించి పెట్టగానే అయస్కాంత క్షేత్రం 1.6 మైక్రోటెస్లా అని చూపించి, ఎర్ర లైటు వెలిగి, కీచుమని మోగింది. చెల్లి ముఖం పాలిపోయింది, నిద్రపోతున్న వాణ్ణి ఎత్తేసుకుంది. నేను మీటరుని అలాగే పట్టుకుని అడుగున్నర వెనక్కి జరిగితే 0.3కి దిగింది. ఇంకో రెండడుగులు జరిగితే 0.08. మా మరిదిని ఏసీ ఆపమన్నాను. మళ్లీ గోడకి ఆనించి చూస్తే ఈసారి 0.4 మాత్రమే. ఏసీ వేయగానే మళ్లీ పెరిగింది. వైర్లలో ఎంత కరెంటు పారితే అయస్కాంత క్షేత్రం అంత ఉంటుందని, దాన్ని ఇటుక గోడ ఆపదని, కొంచెం దూరం జరిగితే మాత్రం గబగబా పడిపోతుందని పుస్తకంలో చదివినప్పుడు ఎక్కలేదు కానీ ఆ రాత్రి కళ్లారా చూశాక అర్థమైంది. మంచం ఎదుటి గోడ వైపు జరిపేశాం. ఐదు నిమిషాల పని. నెల రోజుల దిగులు దానితో సగం తీరింది, అందుకే ఈ ఒక్క పనికీ మీటరుకి పూర్తి మార్కులు వేస్తాను.

నాకు కోపం వచ్చేది ఆ ఎర్ర లైటు విషయంలోనే. 0.4 దాటితే వెలుగుతుంది. మాన్యువల్‌లో దాని పక్కన "ప్రమాదం" అని ఒకే ఒక్క మాట, ఎందుకు ప్రమాదమో, ఎవరు చెప్పారో లేదు. ఇలాంటి రేడియేషన్‌కి పరిమితులు సూచించే అంతర్జాతీయ నిపుణుల సంస్థ ఐక్నిర్ప్. చాలా దేశాలు అనుసరించే దాని 2010 మార్గదర్శకాల్లో ఇళ్లలో ఉండే 50 హెర్ట్జ్ కరెంటుకి సాధారణ ప్రజల పరిమితి 200 మైక్రోటెస్లా. అంతకుముందు 1998లో 100 అన్నారు. 200 అంటే ఈ మీటరు ప్రమాదం అంటున్న దానికి ఐదు వందల రెట్లు! ఒకటి నిజమైతే రెండోది అబద్ధమా అని నేనూ మొదట తికమకపడ్డాను. కాదు, ఆ రెండు అంకెలూ రెండు వేరు ప్రశ్నలకి జవాబులు. 200 అనేది, బయటి క్షేత్రం వల్ల ఒంట్లో పుట్టే విద్యుత్తు నరాలని కదిలించకుండా, అంటే అప్పటికప్పుడు జరిగే ప్రభావం నుంచి కాపాడటానికి పెట్టింది. 0.4 వచ్చింది పిల్లల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) మీద జరిగిన అధ్యయనాల నుంచి. 1979లో అమెరికాలోని డెన్వర్‌లో మొదలైన ఆ వరసలో, చాలా దేశాల లెక్కలు కలిపి 2000లో చూస్తే, సగటున 0.4 పైన ఉండే ఇళ్లలోని పిల్లల్లో జబ్బు దాదాపు రెట్టింపు కనిపించింది. అలాంటి ఇళ్లలో ఉన్న పిల్లలు చాలా కొద్దిమంది. కారణం ఏమిటో తేలలేదు, జంతువుల మీద చేసిన ప్రయోగాలు దాన్ని బలపరచలేదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో దీన్ని "క్యాన్సర్ కారకం కావచ్చు" అనే 2బి వర్గంలో పెట్టింది. ఇంకో ముఖ్యమైన సంగతి, అక్కడ 0.4 అంటే రోజంతటి సగటు. మీటరు మాత్రం ఒక్క క్షణం అంకె చూసి అరిచేస్తుంది. పాలిచ్చే తల్లి చేతికి ఇచ్చే వస్తువు మీద ఈ రెండు వాక్యాలు రాయడానికి ఏం కష్టం వచ్చిందో నాకు అర్థం కాదు.

ఇక రేడియో తరంగాలు, అంటే సెల్‌ఫోన్, వైఫై కొలిచే మోడ్ నిరాశ పెట్టింది. రూటర్ ముందు నిలబడి మణికట్టు కాస్త తిప్పితే చాలు అంకె సగానికి పడుతుంది, లేకపోతే రెట్టింపవుతుంది. డిజిటల్ సిగ్నల్ ఆగి ఆగి వస్తుంది కాబట్టి మీటరు ఆ పీక్‌ని, అంటే ఆ క్షణంలో అన్నిటికంటే పెద్ద అంకెని, పట్టుకుని చూపిస్తుంది. పరిమితులు లెక్కపెట్టేదేమో 6 నిమిషాలో 30 నిమిషాలో తీసుకున్న సగటు మీద. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఐక్నిర్ప్ పరిమితి చదరపు మీటరుకి 10 వాట్లు, మీటరు 10 మిల్లీవాట్లకే ఎర్రబడుతుంది. వెయ్యి రెట్ల తేడా, ఇక్కడా వివరణ లేదు.

ఒక్క విషయం మాత్రం బాగా చూపించింది. ఫోన్ పక్కన పెట్టి కాల్ చేస్తే, కలుస్తున్నప్పుడు అంకె ఒక్కసారి ఎగిరి తర్వాత తగ్గుతుంది. లిఫ్టులో, సిగ్నల్ ఒకటే గీత ఉన్నప్పుడు, కాల్ నడుస్తున్నంతసేపూ అంకె పైనే ఉంది. టవర్ అందకపోతే ఫోన్ గట్టిగా అరవాల్సి వస్తుంది, ఆ అరుపు మన చెవి పక్కనే. టవర్ దూరంగా ఉంటే మంచిదనుకునేవాళ్లు ఇది గమనించాలి.

మీటరుతో పాటు డబ్బాలో "రేడియేషన్ పీల్చేసే" స్టిక్కరు ఫ్రీగా ఇచ్చారు. ఫోన్ వెనక అంటించి పదిసార్లు, తీసేసి పదిసార్లు చూశాను. తేడా ఏమీ లేదు. అయినా నిజంగా సిగ్నల్‌ని అడ్డుకుంటే ఫోన్ ఇంకా ఎక్కువ పవర్ వాడుతుంది కదా! ఇలాంటివి అమ్మిన రెండు కంపెనీల మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2002లోనే కేసు పెట్టింది. ఇంకా ఘోరం, 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ "5జీ నుంచి రక్షణ" అని అమ్ముతున్న పది వస్తువులు పరీక్షిస్తే వాటిలోంచే అయనీకరణ రేడియేషన్, అంటే ఎక్స్‌రే తరహా అసలు ప్రమాదకరమైనది, వస్తోందని తేలింది. పిల్లల చేతి పట్టీ కూడా ఉంది ఆ పదిలో. దయచేసి ఇలాంటివి కొనకండి.

మరి ఆ పరిమితులు సరిపోతాయా అంటే, నా అభిప్రాయం చెప్తాను. రేడియో తరంగాల పరిమితి వేడి మీద ఆధారపడింది. ఒంట్లో కిలోకి 4 వాట్లు చేరితే ఒళ్లు వేడెక్కి ప్రభావం మొదలవుతుందని తీసుకుని, దాన్ని యాభైతో భాగించి ప్రజలకి ఒళ్లంతటి సగటుగా 0.08 పెట్టారు. వేడి వరకు అది గట్టి జాగ్రత్తే. ఏళ్ల తరబడి వాడితే ఏమిటన్నదే అసలు ప్రశ్న. సెల్‌ఫోన్ తరంగాలని 2011లో అదే 2బి వర్గంలో పెట్టారు. 2018లో అమెరికా ప్రయోగంలో మగ ఎలుకల గుండెల్లో కణితులు కనిపించాయి, అయితే వాటికి రోజుకి తొమ్మిది గంటలు, రెండేళ్లపాటు, ఈ 0.08 కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇచ్చారు. మనుషుల మీది అధ్యయనాలన్నీ కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 2024లో వచ్చింది, ఫోన్‌కి మెదడు క్యాన్సర్‌కి సంబంధం కనిపించలేదు. ఇవన్నీ చూశాక నాకు అంకె కంటే దాన్ని చూసుకునే తీరు మీదే ఎక్కువ దిగులు. అమెరికా 1996లో పెట్టిన పరిమితులనే కొనసాగిస్తూ, ఎందుకు మార్చక్కర్లేదో సరిగ్గా చెప్పలేదని 2021లో అక్కడి కోర్టే తప్పుపట్టింది. ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ 2023లో ఐఫోన్ 12ని సొంతంగా పరీక్షిస్తే చేతిలోనో జేబులోనో ఉన్నప్పటి ఎస్ఏఆర్, అంటే ఒంట్లో కిలోకి చేరే వాట్లు, 4 దాటకూడనిది 5.74 వచ్చింది (ఇది చేతులు, కాళ్లకి విడిగా ఉన్న పరిమితి, ఒళ్లంతటి 0.08 కాదు), తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో సరిచేశారు. ఎవరో ఒకరు షాపులోంచి ఫోన్ తీసి కొలిచారు కాబట్టే కదా అది బయటపడింది. ఈ పని అన్నిచోట్లా జరగాలి.

కొనాలా వద్దా? మంచం ఎక్కడ వేయాలి, చార్జర్లు, వైర్లు ఎంత దూరంలో ఉండాలి అన్నది చూసుకోవడానికైతే కొనండి, అంతకంటే మేలు, ఎవరి దగ్గరైనా ఉంటే ఒక్కరోజుకి అడిగి తెచ్చుకోండి. ఫోన్, టవర్ రేడియేషన్ కొలవడానికైతే వద్దు. అయస్కాంత క్షేత్రానికి నాలుగు స్టార్లు, రేడియో మోడ్‌కి ఒకటి, స్టిక్కరుకి సున్నా, మొత్తం మీద రెండున్నర. ఎర్ర లైటు 0.4 దగ్గరే ఎందుకు పెట్టారో మాన్యువల్‌లో రాయమని, ఆ స్టిక్కరు ఇవ్వడం మానేయమని కంపెనీకి మెయిల్ పెట్టాను. రెండు వారాలైంది. జవాబు వస్తే ఇదే రివ్యూలో చేరుస్తాను.